కొండ మీద దొరికింది మనది కాదు

దసరా సెలవుల్లో మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంటికి వెళ్లాను. హాల్లో అద్దాల బీరువాలో మేనల్లుడి పతకాల పక్కన అరచేయంత రేకు ముక్క కనిపించింది. ఒక అంచు చిరిగి వంకర తిరిగింది, రెండో అంచు వెంట రివెట్లు. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ వైపు ట్రెక్కింగుకు వెళ్లినప్పుడు రాళ్ల మధ్య దొరికిందని వాడు చెప్పాడు.

వాడు భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్నవాడు. అదే గుట్ట మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అప్పటి నుంచి మన పిల్లలు ఏటా హిమాలయాల దారి పడుతున్నారు. నాకు అది ఎంతో సంతోషం కలిగించే విషయం. మా వాడు కూడా కొండను గౌరవించేవాడే. ప్లాస్టిక్ సీసా కనిపిస్తే ఏరి సంచిలో వేసుకుంటాడు. అటువంటివాడు ఈ రేకును ఎందుకు తెచ్చాడని అడిగితే, జవాబు కూడా గౌరవంగానే చెప్పాడు.

"మామా, ఇది 1968లో కూలిన వాయుసేన విమానానిది. అక్కడే వదిలేస్తే ఏ రాయి కిందికో పోతుంది. ఇక్కడుంటే ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ సైనికుల గురించి చెబుతున్నాను. అందులో తప్పేముంది?"

ఇది తీసిపారేయదగ్గ వాదన కాదు. మరచిపోయిన మనుషులను గుర్తు చేయడం మంచి పనే. అయినా ఆ రేకు అక్కడ ఉండటం నాకు సరిగా అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో ఇన్నాళ్లూ ఆలోచించి ఇక్కడ రాస్తున్నాను. నా ఉద్దేశం ముందే చెబుతాను: ఎత్తయిన కొండల్లో దొరికే విమాన శకలం ఎవరి ఇంటికో చేరవలసిన కబురు. దాన్ని కదల్చకుండా ఉంచి, ఎక్కడ ఉందో చెప్పవలసినవారికి చెప్పడం వరకే దొరికినవారి హక్కు.

జేబులోని కాగితం

మా వాడు చెప్పిన విమానం ఏఎన్-12. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరింది. అందులో 102 మంది. వాతావరణం బాగా లేక వెనక్కి తిప్పారు. రోహతాంగ్ కనుమ ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. ఆ తరువాత ముప్పై అయిదేళ్లు ఎక్కడ పడిందో తెలియలేదు. 2003లో చంద్రభాగ శిఖరాల వైపు వెళ్లిన పర్వతారోహకుల బృందానికి శకలాలు, ఒక సైనికుడి దేహ అవశేషాలు కనిపించాయి. సైన్యం అప్పటి నుంచి చాలాసార్లు వెతికింది. 2018లో అటువైపు చెత్త ఏరడానికి వెళ్లిన బృందానికి ఇంకొక దేహం దొరికింది. 2024 సెప్టెంబరు చివరలో నలుగురు దొరికారు. అంటే యాభై ఆరేళ్ల తరువాత.

ఆ నలుగురి వార్తలో నన్ను ఆపేసిన వివరం ఒకటి ఉంది. వాళ్లను గుర్తుపట్టడానికి ఆధారమైనవి పెద్ద వస్తువులు కావు. ఒకరి దగ్గర పేబుక్కు, అంటే జీతం లెక్కల పుస్తకం ఉంది. ఇంకొకరి జేబులో ఒక వోచరు. మంచులో నానిన కాగితాలు అవి. ఒక ట్రెక్కరు కంటికి అవి చెత్త. లేదా ఇంటికి తీసుకెళ్లి నలుగురికీ చూపించదగిన వింత. చెత్త అనుకున్నవాడు తొక్కుకుంటూ పోయేవాడు, వింత అనుకున్నవాడు సంచిలో వేసుకునేవాడు. రెండు విధాలా ఆ సైనికుడికి పేరు లేకుండా పోయేది. ఏది విలువైనదో, ఏది కాదో కొండ మీద నిలబడి మనం తేల్చలేం. అందుకే ముట్టుకోవద్దంటాను.

వస్తువు సంగతి అలా ఉంచితే, అది పడి ఉన్న చోటు కూడా సాక్ష్యమే. 1947 ఆగస్టు 2న బ్యూనస్ ఏర్స్ నుంచి శాంటియాగోకు వెళ్తున్న "స్టార్ డస్ట్" అనే విమానం ఆండీస్ పర్వతాల్లో మాయమైంది. అందులో పదకొండు మంది. యాభై ఏళ్ల పాటు దాని చుట్టూ ఎన్ని కథలో! కుట్ర అన్నారు, బాంబు అన్నారు, వేరే గ్రహాల వాళ్లు ఎత్తుకుపోయారని కూడా అన్నారు. 1998లో ఇద్దరు అర్జెంటీనా పర్వతారోహకులకు టుపుంగాటో కొండ మీద హిమానీనదం అంచున ఇంజిను, లోహపు ముక్కలు, గుడ్డ పీలికలు కనిపించాయి. 2000లో సైన్యం వెంట నిపుణులు వెళ్లి చూశారు. ముక్కలన్నీ కొద్ది మేరలోనే ఉండటంతో గాలిలో పేలిపోలేదని తేలింది. ప్రొపెల్లరు తీరును బట్టి, కొండకు తగిలేనాటికి ఇంజిను మామూలుగానే తిరుగుతోందని తెలిసింది. బలమైన ఎదురుగాలి వల్ల, ఆండీస్ దాటేశామనుకుని దాటకముందే కిందికి దిగారు. పైలట్‌ది తప్పు కాదని ఆ దర్యాప్తు చెప్పింది. మొదట చూసిన ఆ ఇద్దరూ, తరువాత వచ్చిన మరో పది మందీ తలా ఒక ముక్క పట్టుకుపోయి ఉంటే ఈ మాట ఎవరూ చెప్పగలిగేవారు కాదు. చనిపోయిన పైలట్ మీద అనుమానం అలాగే ఉండిపోయేది.

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు మౌనంగా విన్నాడు. కాసేపటికి ఇంకో సందేహం తెచ్చాడు: అది విమానం రేకేనని గ్యారంటీ లేదు కదా, ఆ దారిలో సైన్యం లారీలు కూడా తిరుగుతాయి కదా అని. నిజమే. కానీ అది విమానానిది అనుకునే తెచ్చాడు, విమానానిది అనే అందరికీ చెబుతున్నాడు. చివరికి ఫోనులో పాత ఫోటోలు వెతికి, రేకు దొరికిన చోటుకు దగ్గరలో తీసిన ఫోటో ఒకటి పట్టుకున్నాడు. దాని ఆధారంగా స్థలం, తేదీ రాసి, తాను కోర్సు చేసిన శిక్షణ సంస్థకు ఉత్తరం పంపాడు. ఎక్కడికి పంపమంటే అక్కడికి ఆ ముక్కను పంపిస్తానన్నాడు. అద్దాల బీరువాలో ఇప్పుడు అది లేదు. కవరులో పెట్టి, మీద వివరాలు రాసి ఉంచాడు.

ఎదురుచూపు తెలిసిన నేల

ఎక్కడో లాహౌల్‌లో, ఆండీస్‌లో దొరికిన శకలాలతో పాలమూరు వాళ్లకు ఏం పని అని ఒక మిత్రుడు అడిగాడు. మనకు కొండలంటే నల్లమల, విమానమంటే నెత్తి మీద గీసే తెల్ల గీత అన్నాడు. పని ఉంది. ఆచూకీ లేని మనిషి కోసం ఇల్లు ఎలా ఎదురు చూస్తుందో ఈ నేలకు తెలిసినంతగా చాలా చోట్ల తెలియదు.

గుంపు మేస్త్రీ వెంట ముంబయికో, పుణేకో, ఇంకా దూరం ఏ డ్యాము పనికో వెళ్లి తిరిగి రాని మనుషులు పాత తరంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మా ఊళ్లో ఒకామె భర్త అలా వెళ్లాడు. మొదట్లో ఎవరితోనో డబ్బు పంపాడు, తరువాత కబురు లేదు. ఆమె మెట్టెలు తీయలేదు. పెత్రమాస వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో గొడవ. పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చుకునే రోజు అది. కొడుకు పేరు కూడా చదివించాలని అత్తమామలు అనేవారు. వాళ్లకు వయసు మీద పడింది, తాము పోయేలోగా కొడుకుకు జరగవలసింది జరగాలని వాళ్ల తపన. బతికున్న మనిషికి బియ్యం ఎలా ఇస్తారని ఈమె అడ్డం పడేది. ఇద్దరి మాటా న్యాయమే. అందుకే ఎవరూ తీర్పు చెప్పలేకపోయేవారు. సాయంత్రం ఊరంతా ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే ఆ ఇంటి ముందు మాత్రం తలుపు వేసి ఉండేది.

కాగితాల దగ్గరా అదే చిక్కు. భూమి విరాసత్ చేయించుకోవాలన్నా, పింఛను కావాలన్నా మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఏడేళ్ల పాటు కబురు తెలియని మనిషిని చనిపోయినట్టుగా భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది, కానీ దానికి కోర్టుకు వెళ్లాలి. వెళ్లడమంటే ఆ మనిషి చనిపోయాడని భార్య తన నోటితో చెప్పడం. ఎముక కూడా దొరకని మనిషికి దర్భలతో రూపం చేసి దహనం చేసే విధి మన పురోహితులకు తెలుసు. మనసు ఒప్పుకోనిదే ఏ విధీ పూర్తి కాదు.

2024లో దొరికిన నలుగురిలో ఒకరిది సహారన్‌పూర్ ప్రాంతం. దేహం ఇంటికి చేరేనాటికి భార్య లేదు, కొడుకు కూడా లేడు. మనవళ్లు చితి ముట్టించారు. తాతను చూడని మనవళ్లు! ఈ వార్త చదివినప్పుడు నాకు మా ఊరి ఆమె గుర్తుకు వచ్చింది. ఆమె కూడా కబురు రాకముందే పోయింది. ఆమె భర్త సంచి ఏ రైలు పట్టాల పక్కనో, ఏ పని స్థలంలోనో ఎవరికో దొరికి ఉంటుంది. అందులో ఏదైనా కాగితం ఉండి ఉంటుంది. దొరికినవారు ఒక పోస్టుకార్డు రాసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. పాలమూరు మనిషి హిమాలయాల్లో ఒక శకలం చూసినప్పుడు, ఆ పోస్టుకార్డు రాయవలసిన చోట ఇప్పుడు తానే నిలబడి ఉన్నాడని తెలుసుకోవాలి.

మంచు వెనక్కి ఇచ్చినప్పుడు

నా మాటకు గట్టి అడ్డం ఫ్రాన్సు నుంచి వస్తుంది. ఆల్ప్స్‌లోని మోఁ బ్లాఁ పర్వతం మీద రెండు ఎయిర్ ఇండియా విమానాలు కూలాయి. 1950 నవంబరు 3న "మలబార్ ప్రిన్సెస్", అందులో 48 మంది. 1966 జనవరి 24న "కాంచనజంగ", అందులో 117 మంది. అణు శాస్త్రవేత్త హోమీ భాభా పోయింది ఈ రెండో ప్రమాదంలోనే. పైన కూలిన విమానాల ముక్కలను బోసోఁ హిమానీనదం దశాబ్దాల పాటు లోపలే మోసుకుంటూ కిందికి తెచ్చి ఇప్పుడు ఒక్కొక్కటిగా బయట పెడుతోంది. 2012లో భారత విదేశాంగ శాఖ తపాలా సంచి దొరికింది. 2013లో ఒక యువ పర్వతారోహకుడికి పచ్చలు, కెంపులు, నీలాలు ఉన్న పెట్టె దొరికితే అతను నేరుగా పోలీసులకు అప్పగించాడు. హక్కుదారులు తేలకపోవడంతో 2021లో సగం అతనికి, సగం షామొనీ పురపాలక సంఘానికి ఇచ్చారు. 2020లో, అక్కడ చిన్న హోటలు నడిపే ఒకాయనకు 1966 జనవరి నాటి మన వార్తాపత్రికలు కట్టగా దొరికాయి. ఇందిరా గాంధీ ప్రధాని కాబోతున్న వార్త వాటి పతాక శీర్షిక. ఆమె ప్రమాణం చేసిన రోజే ఆ విమానం కూలింది.

ఆ పత్రికలను ఆయన ఎండబెట్టి భద్రపరిచాడు. "ఉన్నచోటే ఉంచండి" అన్న నా మాట ఆయన విని ఉంటే ఏమయ్యేది? మంచు నుంచి బయటపడ్డ కాగితం ఎండకు, నీటికి కొద్ది రోజుల్లో ముద్దయిపోతుంది. హిమానీనదాలు వేగంగా కరుగుతున్న ఈ కాలంలో బయటపడేవి ఇంకా పెరుగుతాయి, పాడయ్యేవీ పెరుగుతాయి. ఈ వాదన ముందు నేను చాలాసేపు ఆగాను. ఇప్పటికీ దీనికి పూర్తి జవాబు నా దగ్గర ఉందని అనను.

కొంతవరకు జవాబు నాకు కొల్లాపూర్ వైపు దొరికింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద మా ఉమ్మడి జిల్లా కృష్ణాతీరంలో ఎన్నో ఊళ్లు మునిగాయి. ఎండాకాలం వెనుక జలాలు తగ్గితే అవతలి ఒడ్డున సంగమేశ్వర ఆలయం బయటపడుతుంది. సోమశిల దగ్గర పడవెక్కి జనం వెళ్లి చూసి వస్తారు. ఇటువైపు పాత ఊళ్ల పునాదులూ తేలతాయి. హిమానీనదం చేసేది కూడా ఇదే పని అనిపిస్తుంది నాకు, నదికి ఒక వేసవి పట్టేది మంచుకు ఒక జీవితకాలం పడుతుంది. ఒక ఏప్రిల్‌లో అక్కడ ఒక ముసలాయన తన పాత ఇంటి జాగాలో కూర్చుని ఉన్నాడు. పక్కనే పట్నం నుంచి వచ్చిన కుర్రవాళ్లు చెక్కడం ఉన్న రాతి దిమ్మె ఒకటి కారులోకి ఎక్కించబోతున్నారు. అది తమ పక్కింటి గుమ్మం రాయి అని ఆయన చెప్పాడు. "వానలు పడితే మళ్లీ మునిగిపోతుంది కదా తాతా, మేమైతే బాగా చూసుకుంటాం" అన్నారు వాళ్లు. "మునిగితే మునగనీయండి. ఎక్కడుందో మాకు తెలుసు" అన్నాడు ఆయన. వాళ్లు దింపేశారు.

దీన్నుంచి నేను తీసుకున్నది ఇది: వస్తువు పాడవుతుందా లేదా అన్న ప్రశ్న కన్నా ముందు, దాని మనుషులు ఎవరు, వాళ్లకు తెలుసా అన్న ప్రశ్న వేయాలి. తెలియకముందే తీసేస్తే అది కాపాడటం అవదు. రేపటికి నీటిపాలయ్యే కాగితమైతే, ఉన్నచోట ఫోటో తీసి, స్థలం గుర్తించి, తీసుకెళ్లి అప్పగించాలి. నగల పెట్టె దొరికిన కుర్రవాడు చేసింది అదే. ముందు అప్పగించాడు. తరువాత వచ్చిన సగం వాటా చట్టం ఇచ్చింది, తనంతట తాను తీసుకోలేదు. పత్రికలు ఎండబెట్టిన ఆయనను కూడా నేను తప్పు పట్టను. అందరూ చదివిన పత్రికలు ఏ ఒక్క కుటుంబానికీ చెందవు. కానీ అదే చోట 2017లో ఒకాయనకు మనిషి చేయి దొరికింది. పత్రికలు, చేయి ఒకే మంచులోంచి వచ్చాయి. ముక్కలు ఏరే అలవాటున్న కళ్లు ఆ రెండింటి మధ్య తేడాను ఎంతకాలం గుర్తు పెట్టుకుంటాయన్నదే నా భయం.

అవసరం, సరదా

రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 వరకు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన విమానాల్లో వందలు కూలిపోయాయి. వాటిలో ఎన్నో ఇప్పటి అరుణాచల్ అడవుల్లో పడ్డాయి. వాటిని మొదట చూసింది అక్కడి వేటగాళ్లు. ఆ అల్యూమినియంతో గిన్నెలు చేసుకున్నారు, పనిముట్లు చేసుకున్నారు. మా వాడి రేకును తప్పు అన్న నోటితో వాళ్ల గిన్నెలను కూడా తప్పు అనాలా?

అనలేను. కనుచూపు మేరలో బజారు లేని కొండ గూడెంలో లోహం అంటే బతుకు. ఆ విమానాల గురించి ఎవరికి చెప్పాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తరువాతి కాలంలో శకలాల కోసం బయటి నుంచి మనుషులు వచ్చినప్పుడు దారి చూపింది మళ్లీ ఆ వేటగాళ్లే. 2019 జూన్‌లో ఏఎన్-32 విమానం పదమూడు మందితో అరుణాచల్ కొండల్లో కూలినప్పుడు కూడా శకలాల దగ్గరకు చేరిన బృందంలో స్థానికులు ఉన్నారు. వాతావరణం బాగా లేక వాళ్లు రెండు వారాలకు పైగా పైనే చిక్కుకున్నారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయినప్పుడు, ఉపగ్రహం, యుద్ధ విమానాలు వెతుకుతుండగానే అడవి తెలిసిన చెంచులను కూడా వెతకమని అడిగారు. తెలిసిన దారిలో, తెలిసిన సమయంలో వెళ్లిన హెలికాప్టర్ పావురాలగుట్ట మీద ఉందని తెలియడానికే ఇరవై నాలుగు గంటలు పట్టింది. కొండ దాచిపెడితే వెతకడం ఎంత కష్టమో మనం కళ్లారా చూశాం. కొండ కింద బతికేవాడికి శకలంతో ఉండే సంబంధం వేరు, సెలవుల్లో వెళ్లి వచ్చేవాడికి ఉండే సంబంధం వేరు. నేను అడుగుతున్నది రెండోవాడిని.

ఈ రెండోవాడికి దగ్గరి బంధువు మన ప్రాంతంలోనే ఉన్నాడు. గుప్తనిధుల కోసం రాత్రిపూట పాత గుళ్లలో నందుల కింద, కోట బురుజుల కింద తవ్వేవాడు. నిధి దొరికేది అరుదు, గుడి పోయేది మాత్రం ప్రతిసారీ. వాడి చేతిలో గడ్డపార ఉంటే, ట్రెక్కరు చేతిలో ఫోను ఉంది. "నేను కనుగొన్నాను" అనే గర్వం మాత్రం ఇద్దరిలోనూ ఒకటే. ఫోను తక్కువ హాని చేస్తుందని కూడా అనుకోను. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో శిక్షణ విమానం కూలి, నేర్చుకుంటున్న యువతి ఒంటరిగా చనిపోయింది. ఆ పూటే ఆ దృశ్యాలు నా ఫోనుకు మూడు వైపుల నుంచి వచ్చాయి. అవి పంపినవాళ్లు చెడ్డవాళ్లు కారు. అయ్యో పాపం అని రాసే పంపారు. ఎక్కడో తమిళనాడులో ఉన్న ఆమె ఇంటికి కబురు చేరిందో లేదో అని మాత్రం ఒక్కరూ ఆగలేదు. యాభై ఏళ్ల నాటి శకలమైనా అంతే. ఫోటో ప్రపంచమంతా తిరిగిన తరువాత ఆ ఇంటివాళ్లకు తెలిస్తే, రెండోసారి పోగొట్టుకున్నట్టే.

కబురు చెప్పినవాళ్లను వేధించకూడదు

చట్టం ఏమంటుందో చూశాను. దొరికిన వస్తువు యజమాని ఎవరో తెలుసుకునే అవకాశం ఉండీ, ప్రయత్నించకుండా సొంతానికి వాడుకుంటే నేరం. పాత ఐపీసీలో 403, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 314. బ్రిటన్‌లో ఇంకా స్పష్టంగా ఉంది. 1986 చట్టం ప్రకారం అక్కడ సైనిక విమానం కూలిన ప్రతి చోటుకూ దానంతట అదే రక్షణ వస్తుంది, అనుమతి పత్రం లేకుండా కదల్చకూడదు. ఇంగ్లండులో బ్లీక్‌లో అనే కొండ మీద 1948 నవంబరు 3న కూలిన అమెరికా బీ-29 విమానం ముక్కలు ఇప్పటికీ అక్కడే చెల్లాచెదురుగా ఉన్నాయి. పదమూడు మంది పోయిన చోటు అది. నడిచి వెళ్లేవాళ్లు అక్కడ ఆగి, పూలు పెట్టి, ముందుకు సాగిపోతారు. కథ చెప్పడానికి రేకు ఇంటికి తేవాలన్న మా వాడి మాటకు నేను చూపించే జవాబు ఆ కొండే.

చట్టం ఉంటే సరిపోతుందా అన్నది అసలు అనుమానం. భువనగిరిలో శిక్షణ ఇచ్చే ఒకాయనతో ఈ సంగతి మాట్లాడితే ఆయన సూటిగా అన్నాడు: "చెబితే పోలీసు స్టేషను చుట్టూ తిరగాలని తెలిస్తే పిల్లలు చెప్పరు. చూసీ చూడనట్టు వచ్చేస్తారు. మీ నియమం వల్ల కబుర్లు ఇంకా తగ్గుతాయి." నా వాదనకు ఇంతకన్నా బలమైన ఎదురుదెబ్బ ఇంకెవరూ కొట్టలేదు. ట్రెక్కు అయిపోయి, రైలు టికెట్టు తీసుకుని ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడిని మనాలీలో వాంగ్మూలం కోసం వారం ఆపేస్తే, వాడి స్నేహితులు ఇక జన్మలో ఏ శకలం గురించీ నోరు విప్పరు.

దీనికి దారి మన రోడ్ల మీదే ఉంది. ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని ఎవరూ వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో అది చేరింది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. జాతీయ రహదారి పక్క ఊళ్లవాళ్లం, దాని విలువ మాకు తెలుసు. పోలీసు కేసు భయంతో ఒకప్పుడు కళ్లు తిప్పుకుని వెళ్లిన జనం ఇప్పుడు ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్తున్నారు. కొండల మీద శకలం చూసి చెప్పేవారికీ ఇటువంటి హామీయే కావాలి. ఫోటో, స్థలం వివరాలు పంపితే చాలు, మనిషిని పిలిపించకూడదు. కుటుంబాలకు తెలిసేదాకా స్థలం బయట పెట్టకూడదన్న షరతు రెండు వైపులా ఉండాలి.

శిక్షణలో కూడా ఇది ఒక పూట పాఠం కావాలి. తాడు ముడులు, మంచు గొడ్డలి పట్టే తీరు నేర్పే చోట దీన్ని కూడా నేర్పవచ్చు. శకలం కనిపిస్తే దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒక ఫోటో తీసుకోవాలి. ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే చలికి ఫోను ఆగిపోతుంది. లోహం మీద అంకెలు ఉంటే ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. కిందికి దిగాక శిక్షణ సంస్థకో, దగ్గరలోని సైనిక శిబిరానికో ఇవ్వాలి. వాట్సాప్ బృందంలో పెట్టకూడదు. భువనగిరి ఆయన వచ్చే బ్యాచి నుంచి ఈ పాఠం చెబుతానన్నాడు. కేసుల భయం గురించి తన అనుమానం మాత్రం అలాగే ఉందన్నాడు.

ఆ ఏఎన్-12లోని 102 మందిలో ఇప్పటిదాకా దొరికిన దేహాలు పదికి లోపే. మిగిలినవాళ్లు ఇంకా ఆ మంచులోనే ఉన్నారు. మంచు కరిగే నెలలు అక్కడ తక్కువ, సైన్యం అన్ని చోట్లా తిరగలేదు. రాబోయే వేసవిలో మన జిల్లాల నుంచి ఆ వైపు వెళ్లే పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులో, గురువులో ఇది చదువుతుంటే, శకలం కనిపిస్తే ఏం చేయాలో పైన చెప్పిన సంగతులు ఒక కాగితం మీద రాసి వాళ్ల సంచిలో పెట్టండి.